టికెట్ చేతిలోనే ఉంది, రాకెట్టే రాలేదు

నిద్ర పట్టని రాత్రుల్లో నాకో పిచ్చి అలవాటుంది, ఫోన్‌లో పాత రాకెట్ లాంచ్‌లు పెట్టుకుని చూస్తూ పడుకుంటా. మొన్న అలా చూస్తుంటే 2021 సెప్టెంబర్‌లో వెళ్ళిన ఇన్‌స్పిరేషన్4 వీడియో మళ్ళీ కళ్ళబడింది. అదేనండీ, ప్రొఫెషనల్ ఆస్ట్రోనాట్ ఒక్కరు కూడా లేకుండా నలుగురు మామూలు మనుషులు (సరే, అందులో ఒకాయన బిలియనీరే అనుకోండి) మూడు రోజులు భూమి చుట్టూ తిరిగొచ్చిన ట్రిప్. ఖర్చంతా ఆ బిలియనీర్ జారెడ్ ఐజాక్‌మన్‌ది. నాలుగు సీట్లలో ఒకటి మాత్రం లాటరీకి పెట్టారు, పిల్లల క్యాన్సర్ ఆసుపత్రికి విరాళం ఇచ్చినవాళ్ళ పేర్లలోంచి ఒక పేరు తీయడమన్నమాట. ఆ సీట్లో వెళ్ళొచ్చింది క్రిస్ సెంబ్రోస్కీ. కానీ లాటరీ తగిలింది ఆయనకి కాదు!

తగిలింది ఆయన కాలేజీ రూమ్మేట్‌కి. అతనో ఎయిర్‌లైన్ పైలట్, అంతరిక్షం అంటే ప్రాణం. నువ్వే గెలిచావని కబురొచ్చింది, తీరా చూస్తే మనిషి బరువు 250 పౌండ్లు దాటకూడదని రూలు, అంటే 113 కిలోలు. ఇతను 330 పౌండ్లు, దగ్గర దగ్గర 150 కిలోలు. ఉన్న ఆరు నెలల్లో అంత బరువు దించితే ఒళ్ళు పాడవుతుందని లెక్కేసుకుని, సీటు తీసుకెళ్ళి స్నేహితుడి చేతిలో పెట్టేశాడు.

ఇది చదివాక ఎలాగూ రాని నిద్ర అస్సలు రాలేదు. స్పేస్ టూరిజం గురించి మనం ఎప్పుడు మాట్లాడుకున్నా వెళ్ళినవాళ్ళ గురించే, ఎవరు ఎంత కట్టారు, ఎవరు పైకెళ్ళి ఏం చేశారు, ఎవరు దిగగానే నేలని ముద్దు పెట్టుకున్నారు, ఇదే గోల. నాకేమో ఆ రాత్రి నుంచీ టికెట్ ఉండి కూడా కింద ఉండిపోయినవాళ్ళ మీదికి, ఏళ్ళకేళ్ళు లైన్లో నిలబడ్డవాళ్ళ మీదికి మనసు పోతోంది. తవ్వుతుంటే ఈ లైను ఇప్పటిది కాదని తేలింది.

1964లో ఆస్ట్రియాకి చెందిన ఒక జర్నలిస్టు వియన్నాలో ట్రావెల్ ఏజెన్సీకి వెళ్ళి చంద్రుడికి టికెట్ కావాలని అడిగాడంట. నవ్వి పంపించెయ్యకుండా వాళ్ళు ఆ రిక్వెస్ట్‌ని పాన్ యామ్‌కి పంపారు. అప్పట్లో ఆ కంపెనీ అంటే విమానాల్లో మకుటంలేని మహారాజు. వాళ్ళు కూడా సీరియస్‌గానే తీసుకున్నారు, 2000 ప్రాంతంలో మొదటి ఫ్లైట్ ఉండొచ్చని కూడా చెప్పారు! తర్వాత చంద్రుడి మీదికి మనుషుల్ని పంపే అపోలో జోరు పెరిగాక అడిగేవాళ్ళు ఎక్కువైపోయి 'ఫస్ట్ మూన్ ఫ్లైట్స్ క్లబ్' అని పెట్టి, చేరినవాళ్ళందరికీ నంబర్ వేసిన కార్డులు పంపారు. ఫీజు పైసా లేదు. 1971లో ఆ లిస్ట్ ఆపేసే సరికి 90 వేలకి పైగా పేర్లు ఎక్కాయి, అందులో తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన రీగన్ పేరు కూడా ఉంది. చివరికి 1991లో పాన్ యామే మూతపడింది. కార్డులు మాత్రం ఇప్పటికీ ఎవరెవరి బీరువాల్లోనో, వేలం పాటల్లోనో తిరుగుతున్నాయి. చంద్రుడి మీదికి వెయిటింగ్ లిస్ట్ నంబర్ ఉన్న కార్డు, ఆలోచించండి, నా దగ్గర ఉంటే నేనూ పారేసేవాణ్ణి కాదు.

నిజంగా సొంత డబ్బు కట్టి వెళ్ళిన మొదటి మనిషి డెనిస్ టిటో, ఈ పేరు చాలామందికి తెలుసు. 2001 ఏప్రిల్ 28న కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి సోయజ్ అనే రష్యా నౌకలో వెళ్ళాడు, అప్పటికి 60 ఏళ్ళు, కట్టింది 20 మిలియన్ డాలర్లని చెప్తారు. తెలియని సంగతి ఏంటంటే ఆయన టికెట్ మాట్లాడుకున్నది అసలు ఐఎస్ఎస్‌కి (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి) కాదు, రష్యా వాళ్ళ పాత స్టేషన్ మీర్‌కి. ఈయన ఇక్కడ ట్రైనింగ్‌లో ఉండగానే ఆ స్టేషన్‌ని నడపలేక 2001 మార్చిలో పసిఫిక్‌లో పడేశారు. హోటల్ బుక్ చేసుకుంటే హోటల్నే కూల్చేసినట్టు! ఇంకొకరైతే డబ్బు వెనక్కి ఇమ్మని కూర్చునేవారు, ఈయన మాత్రం రష్యా వాళ్ళని పట్టుకుని ఐఎస్ఎస్‌కి మార్పించుకున్నాడు. అక్కడ నాసా అడ్డం పడింది. స్టేషన్ ఇంకా కడుతున్నాం, ఇప్పుడు టూరిస్టులేంటి అని వాళ్ళ వాదన (నిజం చెప్పాలంటే అందులో న్యాయం లేకపోలేదు). హ్యూస్టన్‌లో నాసా దగ్గరికి ట్రైనింగ్‌కి వెళ్తే టిటోని లోపలికి రానివ్వలేదు. ఆయన లేకుండా మేమూ ట్రైనింగ్ చెయ్యం అని కమాండర్ తల్గత్ ముసాబాయెవ్, ఇంకో కాస్మోనాట్ బయటే ఉండిపోయారు. చివరికి స్టేషన్లో ఏదైనా పగలగొడితే డబ్బు కడతానని సంతకం పెట్టించుకుని మరీ ఒప్పుకున్నారు. ఇంత రభస అయ్యాక ఆయన పైకెళ్ళి చేసిందేంటంటే కిటికీ దగ్గర కూర్చుని ఫోటోలు తీసుకుంటూ ఒపెరా పాటలు వినడం. నాకు ఆ మనిషి భలే నచ్చాడు. కుర్రాడిగా ఉన్నప్పుడు మొట్టమొదటి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగిరిందట, అది చూసే ఇంజనీర్ అయ్యాడు, అంగారకుడి దగ్గరికి వెళ్ళే నౌకలకి దారి లెక్కలు కట్టాడు, తర్వాత అవే లెక్కల తెలివి షేర్ మార్కెట్లో పెట్టి సంపాదించి, ఆ సంపాదనతో పైకెళ్ళాడు. స్పుత్నిక్ నుంచి సోయజ్ దాకా 44 ఏళ్ళు.

డబ్బుంటే చాలు అనుకుంటాం గానీ శరీరం ఒప్పుకోవాలి కదా. జపాన్ వ్యాపారవేత్త దైసుకె ఎనొమొతో 2006లో వెళ్ళాలి, రష్యాలో నెలల తరబడి ట్రైనింగ్ అయింది, డబ్బు కట్టేశాడు, లాంచ్‌కి నెల కూడా లేదనగా మెడికల్ టెస్టులో పక్కన పెట్టేశారు. కిడ్నీలో రాళ్ళు! డబ్బు గొడవ తర్వాత కోర్టు దాకా పోయింది. ఆయన ఆగిపోవడంతో బ్యాకప్‌గా ట్రైనింగ్ తీసుకుంటున్న అనూషె అన్సారీకి సీటొచ్చింది, ఇరాన్‌లో పుట్టి అమెరికాలో కంపెనీ పెట్టి సంపాదించిన ఆవిడ. ఒకరి కిడ్నీలో రాయి ఇంకొకరిని మొదటి మహిళా స్పేస్ టూరిస్ట్‌ని చేసింది. ఆవిడ స్టేషన్ నుంచే బ్లాగ్ రాసింది, పాతవి దొరికితే చదవండి, జుట్టు ఎలా కడుక్కోవాలో కూడా రాసింది. తలుపు తెరవగానే వచ్చిన అంతరిక్షం వాసన మాడిపోయిన బాదం బిస్కెట్‌లా ఉందంది. ఎన్ని డాక్యుమెంటరీలు చూసినా నాకు దొరకని ముక్క అది.

బ్యాకప్ అన్న మాట వచ్చింది కాబట్టి ఇంకోటి చెప్పాలి. 1990లో జపాన్ టీవీ సంస్థ టీబీఎస్ డబ్బు కట్టి తమ జర్నలిస్టు తొయొహిరొ అకియామాని మీర్‌కి పంపింది, టిటో కంటే పదేళ్ళు ముందు. ఈయన చైన్ స్మోకర్, పైకెళ్ళాక ఒకటే వాంతులు, సిగరెట్ కోసం అల్లాడిపోయాడట. ఈయనకి బ్యాకప్ అదే సంస్థలో కెమెరా పనిచేసే అమ్మాయి, ర్యోకో కికుచి. ఆ పిల్ల కూడా ఏడాదికి పైగా ట్రైనింగ్ తీసుకుంది, లాంచ్‌కి కొద్ది రోజుల ముందు అపెండిసైటిస్ వచ్చి ఆపరేషన్ అయింది. అక్కడ వాంతి చేసుకుంటున్న మనిషిని ఇక్కడ కుట్లు పడ్డ పొట్టతో టీవీలో చూస్తూ ఉంటే ఎలా ఉండి ఉంటుందో.

వాంతుల గురించి నవ్వుకోకండి, ప్రొఫెషనల్స్‌లో కూడా సగానికి పైగా జనానికి మొదటి రెండు మూడు రోజులు అదే పరిస్థితి. చెవి లోపల కిందేదో పైనేదో చెప్పే చిన్న రాళ్ళలాంటివి ఉంటాయి, అవి బరువు లేక తేలిపోతుంటే చెవి ఒకటి చెప్తుంది, కన్ను ఇంకోటి చెప్తుంది, మధ్యలో కడుపు బలి. ఒంట్లో నీరంతా పైకి ఎక్కి మొహం ఉబ్బిపోతుంది, కాళ్ళు సన్నబడతాయి. నేనైతే బస్సులో వెనక సీట్లో కూర్చుంటేనే కిటికీ వెతుక్కుంటా, నాకు ఫ్రీగా సీటిచ్చినా ఆలోచించాల్సిందే.

ఫ్రీ అంటే గుర్తొచ్చింది, 2019లో నాసా మనసు మార్చుకుని ఐఎస్ఎస్‌కి ప్రైవేట్ మనుషులు రావచ్చు అని రేట్ల పట్టిక విడుదల చేసింది. అది చదివితే లాడ్జి బిల్లే గుర్తొస్తుంది. గాలి శుద్ధి, టాయిలెట్ కలిపి మనిషికి రోజుకి 11,250 డాలర్లు, తిండి, మందులు వగైరాలకి 22,500, కరెంటు యూనిట్‌కి 42 డాలర్లు, డేటా జీబీకి 50. అంటే ఫోటో వాట్సాప్‌లో పెట్టాలన్నా చూసుకుని పెట్టాలి! తర్వాత ఈ రేట్లు మార్చి పెంచారు కూడా. 2022 ఏప్రిల్‌లో యాక్సియమ్ కంపెనీ ద్వారా మొదటి పూర్తి ప్రైవేట్ బృందం వెళ్ళింది, ఒక్కో సీటు 55 మిలియన్లు అన్నారు. పది రోజులనుకున్న ట్రిప్ కింద సముద్రం దగ్గర వాతావరణం బాగోక 17 రోజులైంది. వెళ్ళడానికే కాదు, దిగడానికి కూడా వెయిటింగ్ లిస్టే.

ఇక్కడ ఒక్క విషయం కలగాపులగం అయిపోతుంటుంది జనాలకి. టిటో వెళ్ళిందీ, అమెజాన్ పెట్టిన జెఫ్ బెజోస్ వెళ్ళిందీ ఒకటి కాదు. రాయిని పైకి విసిరితే కాసేపు వెళ్ళి పడిపోతుంది, బెజోస్ కంపెనీ బ్లూ ఆరిజిన్‌ది అలాంటిది, వంద కిలోమీటర్లు దాటి మూడు నాలుగు నిమిషాలు తేలించి పదకొండో నిమిషంలోపు నేల మీదకి తెచ్చేస్తారు. కక్ష్యలో తిరగాలంటే ఆ రాయిని పక్కకి గంటకి 28 వేల కిలోమీటర్ల స్పీడ్‌తో విసరాలి, పడుతూనే ఉంటుంది కానీ భూమి గుండ్రంగా ఒంగిపోతూ ఉంటుంది కాబట్టి తగలదు. దానికి కావాల్సిన శక్తి ముప్పై రెట్ల దాకా ఉంటుంది. అందుకే ఒకటి లక్షల డాలర్లలో, ఇంకోటి పదుల మిలియన్లలో. పైన గురుత్వాకర్షణ ఉండదు కాబట్టి తేలతారు అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు, ఐఎస్ఎస్ ఎత్తులో కూడా అది తొంభై శాతం దాకా ఉంటుంది, వాళ్ళు తేలట్లేదు, స్టేషన్‌తో పాటు కలిసి పడుతున్నారు అంతే.

ఆ చిన్న ట్రిప్ కోసం నిలబడ్డ లైనే అన్నిటికంటే పెద్దది. 2004లో బర్ట్ రుటాన్ చేసిన చిన్న విమానం లాంటి స్పేస్‌షిప్‌వన్ రెండు వారాల్లో రెండుసార్లు వంద కిలోమీటర్లు దాటి పది మిలియన్ల ప్రైజ్ కొట్టింది, ఆ రోజుల్లోనే బ్రిటిష్ వ్యాపారవేత్త రిచర్డ్ బ్రాన్సన్ వర్జిన్ గెలాక్టిక్ అని పెట్టి 2007కల్లా జనాల్ని తీసుకెళ్తాం అన్నాడు. నమ్మి డబ్బు కట్టినవాళ్ళు దాదాపు 600 మంది. 2007 పోయింది, 2010 పోయింది. 2014 అక్టోబర్ 31న టెస్ట్ ఫ్లైట్‌లో వాళ్ళ షిప్ గాల్లోనే ముక్కలైపోయింది, కో పైలట్ మైకేల్ ఆల్స్‌బరీ చనిపోయాడు. కిందికి దిగేటప్పుడు వాడాల్సిన తోక లాక్‌ని కొన్ని సెకన్లు ముందే తీయడం వల్ల. అయినా చాలామంది టికెట్లు వెనక్కి ఇవ్వలేదు. 2021 జులైలో బ్రాన్సన్ తనే వెళ్ళొచ్చాడు, అప్పుడే మన శిరీష బండ్ల కూడా వెళ్ళింది (ఆవిడ టూరిస్ట్ కాదు, ఆ కంపెనీ ఉద్యోగి, వాట్సాప్‌లో ఏవేవో తిప్పారు అప్పట్లో).

ఆ 600 మందిలో ఒకాయన జాన్ గుడ్విన్. ఇంగ్లండ్ ఆయన, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పడవ పందేల్లో ఆడినవాడు. 2005లోనే టికెట్ కొన్నాడు. 2014లో పార్కిన్‌సన్స్ జబ్బు బయటపడింది. ఇంక నన్ను ఎక్కనివ్వరు అనుకున్నాడంట, చేతులు వణికే మనిషిని ఎవరు ఎక్కిస్తారు మరి. 2023 ఆగస్టులో ఎక్కించారు, అప్పటికి 80 ఏళ్ళు. పద్దెనిమిదేళ్ళ వెయిటింగ్, తేలింది కొద్ది నిమిషాలు. ఆయన పక్కన కూర్చున్న తల్లీకూతుళ్ళకి మాత్రం ఆ సీట్లు లాటరీలో వచ్చాయి, కరీబియన్ దీవి ఆంటిగ్వా వాళ్ళు. లైన్లో నిలబడ్డవాడూ, లాటరీ తగిలినవాళ్ళూ ఒకే వరసలో. 2024 జూన్‌లో ఆ షిప్‌ని ఆపేశారు, మిగిలినవాళ్ళు మళ్ళీ కొత్త షిప్‌ల కోసం ఎదురుచూపులు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మనిషి వాలీ ఫంక్. 1961లో అమెరికాలో మగ ఆస్ట్రోనాట్లకి పెట్టిన టెస్టులే ఆడవాళ్ళకి కూడా ప్రైవేట్‌గా పెట్టి చూశారు, పదమూడు మంది పాసయ్యారు. ఇరవై రెండేళ్ళ ఈ పిల్లని చీకటి గదిలో గోరువెచ్చటి నీళ్ళ ట్యాంకులో వదిలేశారు, ఏ చప్పుడూ లేదు, వెలుతురు లేదు, ఎంతసేపు ఉండగలవో ఉండు అన్నారు. పది గంటల 35 నిమిషాలు ఉంది, వాళ్ళే చాలు రమ్మని బయటికి తీశారు! తర్వాత ఆ ప్రోగ్రామ్ అర్ధంతరంగా ఆపేశారు. 1962లో దీని మీద అమెరికా కాంగ్రెస్‌లో విచారణ జరిగితే, భూమి చుట్టూ తిరిగిన మొదటి అమెరికన్ జాన్ గ్లెన్ వచ్చి, ఆడవాళ్ళు ఈ రంగంలో లేకపోవడం మన సమాజం తీరులో భాగమే అన్నట్టు మాట్లాడాడు. ఫంక్ నాసాకి అప్లికేషన్లు పెడుతూనే ఉంది, రాలేదు. విమానాలు నడిపింది, వేలమందికి నేర్పింది, 2010లో రెండు లక్షల డాలర్లు పెట్టి వర్జిన్ టికెట్ కొనుక్కుని అక్కడా లైన్లో నిలబడింది. చివరికి బెజోస్ పిలిచి 2021 జులై 20న తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి 82. అంతరిక్షానికి వెళ్ళిన అందరిలోకీ పెద్ద వయసు అనే రికార్డ్ ఆరోజు దాకా ఎవరిదో తెలుసా? 77 ఏళ్ళకి షటిల్లో వెళ్ళిన జాన్ గ్లెన్‌ది.

ఆ ఫ్లైట్‌లోనే ఇంకో తమాషా. ఒక సీటు వేలంలో 28 మిలియన్లకి పోయింది, కొన్నాయన టైమ్ కుదరదు, తర్వాత వెళ్తా అన్నాడు, బదులుగా పద్దెనిమిదేళ్ళ డచ్ కుర్రాడు వెళ్ళాడు. ఆ కొన్నాయన జస్టిన్ సన్ అని తర్వాత తెలిసింది, క్రిప్టో వ్యాపారి, 2025 ఆగస్టులో గానీ వెళ్ళలేదు. అరవై ఏళ్ళు ఆగిన ఆవిడ ఒకపక్క, డేట్ కుదర్లేదని ఆగినాయన ఒకపక్క.

2024 మే 19న వెళ్ళిన ట్రిప్ మనవాళ్ళకి గుర్తుంటుంది, విజయవాడలో పుట్టిన గోపీచంద్ తోటకూర అందులో ఉన్నాడు కాబట్టి. మన టీవీలన్నీ ఆయన చుట్టే తిరిగాయి, తప్పేం లేదు. కానీ అదే క్యాప్సూల్‌లో ఎడ్ డ్వైట్ అనే ఆయన ఉన్నాడు, అప్పటికి 90 ఏళ్ళు. 1960ల మొదట్లో ఎయిర్‌ఫోర్స్ పైలట్‌గా ఆస్ట్రోనాట్ ట్రైనింగ్‌కి వెళ్ళిన నల్లజాతి మనిషి, పత్రికల మీద ఫోటోలు పడ్డాయి, నాసా మాత్రం తీసుకోలేదు. ఎయిర్‌ఫోర్స్ వదిలేసి శిల్పాలు చెక్కుకుంటూ బతికాడు. ఆయన సీటుకి డబ్బు కూడా ఆయనది కాదు, వేరేవాళ్ళు కట్టారు. దిగేటప్పుడు మూడు పారాచూట్లలో ఒకటి పూర్తిగా విచ్చుకోలేదు, రెండిటితోనే దిగారు, అలా కూడా దిగగలిగేట్టే డిజైన్ చేశారు కాబట్టి ఎవరికీ ఏం కాలేదు.

ఇదంతా డబ్బున్నవాళ్ళ సరదా కదా, ఆ డబ్బుతో ఎన్ని చెయ్యొచ్చు అని అడిగేవాళ్ళు ఉంటారు, నేనూ అడుగుతా కొన్నిసార్లు, ముఖ్యంగా పైకెళ్ళొచ్చి మైకు ముందు భూమి ఎంత సున్నితమో చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పైగా అమెరికాలో ఇంతవరకూ ఈ ప్రయాణికుల భద్రతకి ప్రభుత్వం ప్రత్యేకంగా రూల్స్ పెట్టకుండా 2004 చట్టం నుంచీ వాయిదా వేస్తూనే వస్తున్నారు. రిస్క్ అంతా వివరించి, అర్థమైంది అని సంతకం తీసుకుంటే చాలు. కానీ ఫంక్ మీద, డ్వైట్ మీద ఆ కోపం చూపించలేకపోతున్నా, ఏం చెయ్యను.

అందరికీ సుఖాంతం కాలేదు. జపాన్ బిలియనీర్ యుసాకు మాయెజావా 2018లో చంద్రుడి చుట్టూ తిరిగొచ్చే ట్రిప్ మొత్తం కొనేశా, కళాకారుల్ని తీసుకెళ్తా అన్నాడు. పదిలక్షలకి పైగా అప్లికేషన్లు వచ్చాయి, 2022 చివర్లో ఎనిమిది మందిని ఎంచాడు, అందులో హిందీ టీవీ నటుడు దేవ్ జోషి కూడా ఉన్నాడు. వాళ్ళు ఎక్కాల్సిన స్పేస్‌ఎక్స్ రాకెట్ స్టార్‌షిప్ ఎప్పటికి రెడీ అవుతుందో తేలక 2024 జూన్‌లో ట్రిప్పే రద్దు చేశాడు. ఆయన మాత్రం అంతకుముందే 2021 డిసెంబర్‌లో సోయజ్ ఎక్కి ఐఎస్ఎస్‌లో ఉండొచ్చాడు లేండి. ఆ ఎనిమిది మందే ఇళ్ళల్లో, కుటుంబాలకి, స్నేహితులకి ఏం చెప్పుకున్నారో.

మొదట చెప్పిన పైలట్ ఏమయ్యాడంటే, లాంచ్ రోజు కెనెడీ స్పేస్ సెంటర్ వెళ్ళి స్నేహితుడు పైకెళ్ళడం కళ్ళారా చూశాడు. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు సీటు తనదని, నెలల తర్వాత ఒక న్యూస్ ఏజెన్సీతో చెప్తే లోకానికి తెలిసింది. సెంబ్రోస్కీ పైకి వెళ్ళేటప్పుడు తన లగేజీలో రూమ్మేట్ సామాను కొంత పట్టుకెళ్ళాడు, స్కూలు ఉంగరం, కాలేజీ ఉంగరం, యూనిఫామ్ భుజాల మీద పెట్టుకునే కెప్టెన్ పట్టీలు. మూడు రోజులు 585 కిలోమీటర్ల ఎత్తులో తిరిగి అవి ఇంటికొచ్చాయి. వీడియో ఆపేసి పడుకునే ముందు నేను ఆలోచించింది ఆ పట్టీల గురించే, అతను వాటిని మళ్ళీ భుజాలకి పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాడా, డబ్బాలో పెట్టి దాచేశాడా అని.